దారిలో ఉన్న ఆదేశం

"అమ్మా, నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి!"

"పెంచాను నాన్నా, కాస్త ఆగు."

"ఇంకా పెంచమ్మా!"

"ఇదిగో, పెంచా!"

కొద్దిసేపటికి బాత్రూములోంచి కేక. "అబ్బా, కాలిపోతోంది! తగ్గించు, తగ్గించు!"

చలికాలం పొద్దున్నే హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి కేకలు మామూలే. గ్యాస్ గీజరు గాలి ఆడేచోట ఉండాలి కాబట్టి వంటింటి వెనక బాల్కనీలో బిగిస్తారు. మంట పెంచే నాబ్ అక్కడ, స్నానం చేసే అబ్బాయి ఇక్కడ. అమ్మ తగ్గించగానే నీళ్లు చల్లబడవు. ఇంకా తగ్గించమంటాడు. ఆవిడ తగ్గిస్తుంది. ఈసారి వణుకు పుట్టించే చన్నీళ్లు. మళ్లీ పెంచమని కేక. గీజరు బాగానే ఉంది, అమ్మ చెప్పినట్టే చేసింది, అబ్బాయి అబద్ధమాడలేదు. మరి నీళ్లు ఎందుకు కుదుటపడవు?

ఈ చిన్న చిక్కుముడిని విప్పడానికి గణిత శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు దశాబ్దాలుగా కృషి చేస్తున్నారు. ఇదే చిక్కు నాచారం పారిశ్రామికవాడలోని రియాక్టర్లలో ఉంది, ఉప్పల్ డిపో నుంచి బయల్దేరే మెట్రో రైల్లో ఉంది, చంద్రుడి మీద దిగే ల్యాండరులోనూ ఉంది.

పద్దెనిమిది సెకన్ల లెక్క

గీజరు నుంచి బాత్రూముకు పది మీటర్ల పైపు ఉందనుకుందాం. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లయితే ఆ పైపులో ఎప్పుడూ దాదాపు 1.77 లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. కుళాయి నిమిషానికి ఆరు లీటర్లు వదులుతుంటే, పైపులో ఉన్న పాత నీళ్లు ఖాళీ కావడానికి సుమారు 18 సెకన్లు పడుతుంది. అంటే అమ్మ ఇప్పుడు తిప్పిన నాబ్ ఫలితం అబ్బాయి ఒంటికి 18 సెకన్ల తర్వాత తెలుస్తుంది. ఈలోపు అతను నాలుగైదు సార్లు "ఇంకా పెంచు" అంటాడు. ఆ నాలుగైదు పెంపులూ పైపులో వరసకట్టి వస్తూనే ఉంటాయి. మొదటిది చేరేసరికే అవసరానికి మించిన వేడి దారిలో ఉంది.

ఇంజినీర్లు దీన్ని ఇన్‌పుట్ ఆలస్యం అంటారు. వ్యవస్థకు ఇచ్చిన ఆదేశం వెంటనే పనిచేయక కొంతసేపటికి పనిచేయడమే ఆ ఆలస్యం. మనం చూసి, నిర్ణయించి, చేసే పనిలో తప్పు లేకపోయినా, చూసిన క్షణానికీ పని ఫలించే క్షణానికీ మధ్య ఎడం ఉంటే ఒప్పు కూడా తప్పుగా మారుతుంది.

వంటింటి కుళాయి తిప్పగానే

ఇప్పుడు కథలో మలుపు. ఎలాగో తంటాలుపడి అబ్బాయి నీళ్లు గోరువెచ్చగా కుదిరాయి. అంతలో అమ్మ గిన్నెలు కడగడానికి సింకు కుళాయి తిప్పింది. డాబా మీది ట్యాంకు నుంచి దిగే ఒకే పైపు రెండింటికీ నీళ్లివ్వాలి. గీజరుకు వెళ్లే నీళ్లు సగానికి పడిపోయాయి. మంట మాత్రం అంతే ఉంది. సగం నీళ్లకు అదే వేడి తగిలితే నీటి వేడి పెరుగుదల రెట్టింపవుతుంది. పైపులో ప్రవాహం సగమైంది కాబట్టి ఆలస్యం కూడా 18 నుంచి దాదాపు 35 సెకన్లకు పెరిగింది.

అబ్బాయికి ఇవేవీ తెలియవు. అతను నేర్చుకున్న ఒడుపు పాత ఇంటికి సంబంధించింది. కుళాయి తిరిగిన క్షణం నుంచి అతను మరో ఇంట్లో స్నానం చేస్తున్నట్టే.

నడుస్తూ నడుస్తూ ఇలా ఒక తీరు నుంచి మరో తీరుకు మారే వాటిని స్విచింగ్ వ్యవస్థలు అంటారు. ఒక్కో తీరుకూ దాని నియమాలుంటాయి. గేర్లు మార్చే బండి, కరెంటు పోగానే బ్యాటరీ మీదికి వెళ్లే ఇన్వర్టరు, ఎరుపు పచ్చ మారే ఉప్పల్ చౌరస్తా సిగ్నలు, అన్నీ ఈ కోవలోవే. ఆలస్యం ఒక కష్టం, మారడం ఇంకో కష్టం. రెండూ కలిస్తే కష్టం రెట్టింపుతో ఆగదు, కొత్త రూపం తీసుకుంటుంది. అదెలాగో చూడాలంటే బాత్రూములోంచి బయటికొచ్చి ఊయల దగ్గరికి వెళ్లాలి.

అట్లతద్ది ఊయల చెప్పే పాఠం

అట్లతద్ది నాడు చెట్టుకొమ్మకు తాళ్లు కట్టి ఆడపిల్లలు నిలబడి ఊగుతారు. వాళ్లను వెనకనుంచి ఎవరూ తోయక్కర్లేదు. మోకాళ్లు వంచడం, నిటారుగా లేవడం, ఈ రెండే వాళ్ల ఒడుపు. ఊయల అట్టడుగుకు వచ్చినప్పుడు లేస్తారు, కొసకు చేరినప్పుడు వంగుతారు. నాలుగు ఊపులకు ఊయల కొమ్మలనందుకుంటుంది.

ఒక పిల్ల ఊయల మీద కదలకుండా నిటారుగా నిలబడితే ఏమవుతుంది? గాలి, తాడు రాపిడి వల్ల ఊపు మెల్లగా తగ్గి ఆగిపోతుంది. కదలకుండా వంగి కూర్చున్నా అంతే, ఆగిపోతుంది. విడివిడిగా చూస్తే రెండు భంగిమలూ ఊయలను నిలబెట్టేవే. ఒకదాన్నుంచి ఇంకోదానికి సరైన క్షణాల్లో మారుతూ ఉంటే మాత్రం ఊపు పెరుగుతూనే పోతుంది.

స్విచింగ్ వ్యవస్థల శాస్త్రానికి గుండెకాయలాంటి సత్యం ఇదే. దేనికది నిలకడగా ఉన్న రెండు తీరులను కలిపితే నిలకడ వస్తుందన్న హామీ లేదు. ఊయలకు ఊపు పెరగడం సంబరం. రసాయన రియాక్టరుకు అదే ప్రమాదం.

ఇప్పుడు దీనికి ఆలస్యాన్ని జోడిద్దాం. నాలుగు మీటర్ల తాడు ఊయల ఒకసారి ముందుకూ వెనక్కూ పోయి రావడానికి సుమారు నాలుగు సెకన్లు పడుతుంది. అడుగు నుంచి కొసకు ఒక్క సెకను. కింద నిలబడ్డ స్నేహితురాలు సరిగ్గా అడుగుకు వచ్చినప్పుడే "లేవే!" అని అరుస్తుంది. ఊయల మీది పిల్ల ఆ మాట విని లేచేసరికి ఒక సెకను గడిచిందనుకోండి. అడుగున లేవాల్సింది కొసన లేస్తుంది, కొసన వంగాల్సింది అడుగున వంగుతుంది. పెరగాల్సిన ఊపు చచ్చిపోతుంది. మాట అదే, మనుషులు వాళ్లే. ఒక్క సెకను ఫలితాన్ని తలకిందులు చేసింది. ఊపును ఆపడానికి రాసుకున్న ఆదేశాలు సెకను ఆలస్యమైతే, అదే లెక్కన, ఊపును పెంచనూ గలవు.

▣ బాక్స్: ఎంతసేపు ఆగాలి?

ఒక వ్యవస్థ కుదుటపడుతోందో లేదో చెప్పడానికి రష్యన్ గణిత శాస్త్రవేత్త అలెగ్జాండర్ ల్యాపునోవ్ 1892లో ఒక దారి చూపాడు. వ్యవస్థలోని కల్లోలాన్ని ఒకే అంకెగా కొలవండి, ఆ అంకె ఎప్పుడూ తగ్గుతూ ఉంటే భయం లేదు అన్నాడు.

తీరు మారిన ప్రతిసారీ ఆ అంకె ఒకటిన్నర రెట్లకు ఎగురుతుందని, మారాక కదలకుండా ఉంటే నిమిషానికి సగమవుతుందని అనుకుందాం. మొదట 100.

నిమిషానికోసారి మారితే: 100 నుంచి 150కి ఎగిరి 75కి తగ్గుతుంది. 112కి ఎగిరి 56కి, 84కి ఎగిరి 42కి వస్తుంది. కల్లోలం అణుగుతోంది.

ఇరవై సెకన్లకోసారి మారితే: 150కి ఎగిరి 119కే తగ్గుతుంది. 179కి ఎగిరి 142కి, 213కి ఎగిరి 169కి వస్తుంది. కల్లోలం పెరుగుతోంది.

ఒక తీరులో కనీసం ఉండాల్సిన ఈ వ్యవధిని నివాస కాలం అనవచ్చు. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ మోర్స్ 1990ల్లో ఈ భావనకు గట్టి గణిత పునాది వేశాడు. 1999లో మరో పరిశోధకుడు హెస్పానాతో కలిసి ఆయన దాన్ని ఇంకాస్త సడలించాడు: అప్పుడప్పుడు తొందరగా మారినా ఫర్వాలేదు, సగటున తగినంతసేపు ఆగితే చాలు.

నాచారం రియాక్టరులో మిగిలిపోయే వేడి

నాచారం పారిశ్రామికవాడలో మందులు, రసాయనాలు తయారుచేసే యూనిట్లకు వెళ్తే, గాజుపూత వేసిన పెద్ద పెద్ద రియాక్టర్లు కనిపిస్తాయి. రియాక్టరు చుట్టూ జాకెట్ అనే రెండో గోడ ఉంటుంది. లోపలి సరుకును వేడిచేయాలంటే జాకెట్లోకి స్టీము పంపుతారు. చల్లార్చాలంటే చల్లటి నీళ్లు, ఇంకా చల్లార్చాలంటే సున్నా డిగ్రీల కంటే దిగువన ఉండే బ్రైన్ అనే ఉప్పుద్రావణం పంపుతారు. స్టీము, నీళ్లు, బ్రైన్: మూడు తీరులు. వాల్వులు వాటి మధ్య మారుస్తుంటాయి.

స్టీము వాల్వు మూసిన క్షణంలో ఏం జరుగుతుంది? లోపలికి వేడి వెళ్లడం ఆగదు. జాకెట్లో మిగిలిన ఆవిరి నీరవుతూ వేడిని వదులుతూనే ఉంటుంది. ఉక్కు గోడలో, గాజుపూతలో నిలవున్న వేడి సరుకులోకి దిగుతూనే ఉంటుంది. పెరుగుదల ఆగాలని ఇప్పుడు ఇచ్చిన ఆదేశం లోపలి థర్మామీటరుకు నిమిషాల తర్వాత అందుతుంది. అంతవరకూ పాత తీరు ఇచ్చిన ఆదేశమే కొత్త తీరులో నడుస్తుంది.

ఆలస్యమూ మార్పూ కలిసినప్పుడు పుట్టే కొత్త చిక్కు ఇదే. వ్యవస్థ మారిపోయింది, దారిలో ఉన్న ఆదేశాలు మాత్రం పాత వ్యవస్థను ఉద్దేశించి రాసినవి. ఇల్లు మారాక పాత చిరునామాకు వచ్చే ఉత్తరాల్లా కాకుండా, ఇవి తిన్నగా కొత్త ఇంటికే వచ్చి చేరతాయి.

రసాయన చర్య తనంత తాను వేడి పుట్టించేదైతే ఇక్కడ జాగ్రత్త ఇంకా అవసరం. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే వేడి ఇంకా పుడుతుంది. ప్రయోగశాలలో లీటరు ఫ్లాస్కులో సాధువులా ఉన్న చర్య, వెయ్యి లీటర్ల రియాక్టరులో మొండికేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆకారం మారకుండా పరిమాణాన్ని వెయ్యి రెట్లు పెంచితే గోడ వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. లీటరుకు దక్కే చల్లార్చే గోడ పదో వంతుకు పడిపోతుంది. అంటే పాత్ర పెద్దదయ్యేకొద్దీ ఆలస్యమూ పెద్దదవుతుంది.

అందుకే అనుభవమున్న ఆపరేటరు కావలసిన ఉష్ణోగ్రత వచ్చేదాకా స్టీము తెరిచి ఉంచడు. కొన్ని డిగ్రీల ముందే మూసేసి, "అదే ఎక్కుతుందిలే" అని ఆగుతాడు. స్టీము నుంచి బ్రైనుకు మారేముందు జాకెట్‌ను ఖాళీ చేస్తాడు. ఆయనకు సమీకరణాలు రాకపోవచ్చు. దారిలో ఎంత వేడి ఉందో మాత్రం బాగా తెలుసు.

▣ బాక్స్: చెక్కుబుక్కు సూత్రం

బ్యాంకు ఖాతాలో పదివేలున్నాయి. నిన్న ఎనిమిది వేలకు చెక్కు రాసిచ్చారు, అదింకా బ్యాంకుకు రాలేదు. ఇప్పుడు మీ దగ్గరున్నది ఎంత? ఖాతా పదివేలంటుంది. తెలిసినవాళ్లు రెండువేలంటారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒట్టో స్మిత్ 1957లో ప్రతిపాదించిన ఉపాయం సరిగ్గా ఇలాంటిదే. కంట్రోలరు తాను ఇప్పటికే పంపిన, ఇంకా చేరని ఆదేశాలన్నిటినీ గుర్తుపెట్టుకుంటుంది. అవన్నీ చేరాక వ్యవస్థ ఎక్కడుంటుందో ముందుగా లెక్కగట్టి, ఆ రేపటి స్థితిని బట్టి కొత్త ఆదేశం ఇస్తుంది. స్మిత్ ప్రిడిక్టర్ పేరుతో ఇది పరిశ్రమల్లో నేటికీ వాడుకలో ఉంది.

తీరులు మారే వ్యవస్థల్లో ఈ లెక్కకు ఇంకో ప్రశ్న తోడవుతుంది: చెక్కు చేరేనాటికి ఖాతా ఏ బ్యాంకులో ఉంటుంది? ఏ క్షణాన ఏ తీరుకు మారతామో ముందే తెలిస్తే, ఆ మార్పును దాటి కూడా లెక్క కట్టవచ్చు. తెలియకపోతే, రాగల తీరులన్నిటికీ సరిపడే జాగ్రత్త ఆదేశం ఎంచుకోవాలి. దానికి మూల్యం వేగం.

ఉప్పల్ డిపో నుంచి బయల్దేరే రైలు

హైదరాబాద్ మెట్రోలో మొదటి 30 కిలోమీటర్లు, మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ వరకు, 2017 నవంబరు 28న ప్రారంభమయ్యాయి. మర్నాటి నుంచి జనం ఎక్కారు. నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు ఈ వరసలోవే. రైళ్లను కనిపెట్టుకుని ఉండే నియంత్రణ కేంద్రం ఉప్పల్ డిపోలో ఉంది.

ఈ రైళ్లు రేడియో ఆధారంగా నడిచే సీబీటీసీ సిగ్నలింగ్ మీద పనిచేస్తాయి. రైలు తానెక్కడుందో, ఎంత వేగంతో ఉందో రేడియోలో చెబుతూ ఉంటుంది. దారి పక్క కంప్యూటరు "నువ్వు ఫలానా చోటు దాకా రావచ్చు" అని బదులిస్తుంది. ముందున్న రైలు జరిగేకొద్దీ ఆ హద్దూ జరుగుతుంటుంది.

రైలు కదలికకు కూడా మూడు తీరులు. మోటారు లాగుతుంటే ఒకటి, శక్తి ఆపేసి వేగం మీద సాగుతుంటే ఇంకొకటి, బ్రేకు పడితే మరొకటి. బ్రేకులోనే మళ్లీ రెండు రకాలు. వేగంగా ఉన్నప్పుడు మోటారే జనరేటరుగా మారి కరెంటు వెనక్కిస్తూ రైలును ఆపుతుంది. వేగం బాగా తగ్గాక గాలిపీడనంతో పనిచేసే రాపిడి బ్రేకు అందుకుంటుంది. ఒక బ్రేకు చేతిలోంచి ఇంకో బ్రేకు చేతిలోకి రైలు మారే ఆ క్షణంలో, గాలి నిండడానికి పట్టే సమయాన్ని ముందే లెక్కేసుకోకపోతే ప్రయాణికులు ముందుకు తూలతారు, లేదా రైలు గుర్తు దాటి ఆగుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. సెకనుకు సెకనుకు ఒక మీటరు లెక్కన వేగం తగ్గించే మామూలు బ్రేకుతో రైలు ఆగడానికి దాదాపు 247 మీటర్లు కావాలి. రేడియో మాట చేరడానికి, మోటారు శక్తి తెగడానికి, బ్రేకు బిగుసుకోవడానికి కలిపి ఒక్క సెకను పట్టిందంటే ఇంకో 22 మీటర్లు. భద్రత లెక్క వేసేవాళ్లు ఇక్కడ ఆశావాదానికి చోటివ్వరు. బ్రేకు ఆదేశం వెళ్లిన క్షణంలో మోటారు ఇంకా లాగుతూనే ఉందనుకుని, ఆలస్యాలన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయనుకుని, అప్పుడు కూడా ముందు రైలుకు తగలకుండా ఎంత ఎడం కావాలో అంత వదులుతారు. రేడియో మాట నిర్ణీత వ్యవధి దాటి అందకపోతే, రైలు ఇంకో ఆదేశం కోసం ఎదురుచూడక తనే ఆగుతుంది. చేరని ఆదేశాన్ని కూడా ఒక ఆదేశంగా తీసుకోవడం ఇందులోని తెలివి.

ఒక తీరు చేసిన అప్పు, ఇంకో తీరు తీర్చాలి

నాచారానికి కొద్ది దూరంలోనే ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఉంది. ఆ ప్రాంతంలోని ఎ.ఎస్.రావు నగర్ పేరు, ఈ సంస్థను 1967లో నెలకొల్పిన తెలుగు శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావుది. బెంగళూరు దగ్గరి బ్యాలాలులో చంద్రయాన్-1 కోసం నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా ఈసీఐఎల్ చేసిందే. అలాంటి యాంటెన్నాల నుంచి బయల్దేరిన ఆదేశం చంద్రుణ్ని చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరిన రోజున ఒకవైపు ప్రయాణానికే పన్నెండున్నర నిమిషాలు పట్టింది. అంత ఆలస్యంలో భూమి నుంచి నడపడం అసాధ్యం. ఆదేశాలన్నీ ముందే నౌకలోకి ఎక్కించారు.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ నేలకు గుద్దుకుంది. కారణాలను అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ 2023లో వివరించారు. ల్యాండరు దిగడం దశలవారీగా జరుగుతుంది. ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ బలంతో తోశాయి. కెమెరా ఫొటోలు తీయడానికి కదలకుండా ఉండాల్సిన దశలో ఆ తేడాలను అక్కడికక్కడ సరిదిద్దే వీలు లేకపోవడంతో అవి పోగుపడ్డాయి. తర్వాతి దశ మొదలయ్యేసరికి చాలా వేగంగా తిరిగి సర్దుకోవాల్సి వచ్చింది. తిరిగే వేగానికేమో సాఫ్ట్‌వేర్ పరిమితి పెట్టింది. దిగాల్సిన చోటు కూడా 500 మీటర్లకు 500 మీటర్ల చిన్న గడి.

ఇక్కడ ఏ దశా విడిగా పిచ్చిది కాదు. ఒక దశ చేసిన అప్పును తర్వాతి దశ మోయలేకపోయింది. చంద్రయాన్-3లో దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్లుగా పెంచారు, తేడాలను తట్టుకునే శక్తి పెంచారు. 2023 ఆగస్టు 23న అదే పేరున్న కొత్త ల్యాండరు విక్రమ్ క్షేమంగా దిగింది.

ఇంట్లోనే చేసి చూడండి

ఇన్సులిన్ పంపులు ఇప్పటికే రోగి శరీరంలో చక్కెరను సర్దుతున్నాయి. అక్కడా మందు రక్తంలో కలిసి పనిచేయడానికి సమయం పడుతుంది, అక్కడా భోజనం, నిద్ర, వ్యాయామం అని తీరులు మారతాయి. ఎండ, గాలి మీద నడిచే విద్యుత్ గ్రిడ్లకూ ఇదే సమస్య. ఉస్మానియాలోనో మరో కళాశాలలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు కంట్రోల్ సిస్టమ్స్ పాఠాన్ని మార్కుల కోసం గట్టెక్కే పేపరుగా చూడొద్దని నా మనవి. మనుషుల ప్రాణాలు రాబోయే కాలంలో ఈ లెక్కల మీద ఎక్కువగా ఆధారపడబోతున్నాయి.

ఆ లెక్కలన్నిటి సారం మూడు మాటల్లో చెప్పవచ్చు. పంపిన ఆదేశాలను మరచిపోకు. ఒక తీరు కుదుటపడేదాకా ఇంకో తీరుకు మారకు. మారినప్పుడు పాత తీరు ఏం వదిలి వెళ్లిందో చూసుకో.

వచ్చే చలికాలం పిల్లలతో కలిసి ఒక ప్రయోగం చేయండి. గీజరు నాబ్ కొంచెం తిప్పి, బాత్రూములో నీళ్ల వేడి మారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తర్వాత వంటింటి కుళాయి తెరిచి మళ్లీ కొలవండి. ఆ రెండు అంకెలూ బాత్రూము తలుపు మీద అంటించండి. నాబ్ తిప్పిన ప్రతిసారీ అన్ని సెకన్లు ఆగితే, మీ ఇంట్లో ఆ కేకలు ఉండవు.